పుస్తె కనపడని పెళ్లి వీడియో

ఆర్మూరులో పెళ్లి వీడియోలు తీసే గంగాదాస్‌కు పద్దెనిమిదేళ్లుగా చెడ్డపేరు లేదు. ఎవరి ముఖం వాళ్లకు కనపడేలా తీసేవాడు. పోయిన వానాకాలం హైదరాబాదులో రెండు రోజుల సినిమాటోగ్రఫీ శిక్షణకు వెళ్లొచ్చాడు. అక్కడే చెడింది.

ఆ తర్వాత అతనికి సినిమాలో కథ కనపడటం మానేసింది. తెరమీద హీరో తల్లి చచ్చిపోతుంటే హాలంతా ముక్కులు చీదేది, గంగాదాస్ మాత్రం పక్కవాడి మోకాలు తట్టి, "వెలుగు ఒక్క దిక్కు నుంచే కొట్టిండు చూసినవా? అంటే ఆమె సగం పోయినట్టే" అనేవాడు. పక్కవాడు సీటు మారేవాడు. పసుపు యార్డు ముందు చాయ్ తాగేవాళ్లకూ పాఠాలే. కెమెరా కింద పెట్టి తీస్తే మనిషి గొప్పోడిలా కనపడతాడని చెబితే, బస్తా దించుతున్న హమాలీ ఒకడు, "గట్లయితే నన్ను జర కిందికెల్లి తియ్యన్నా, నేను గుడ మంత్రినయిత" అన్నాడు.

మాఘమాసంలో మాక్లూర్ ముత్తెన్న కూతురు కరుణశ్రీ పెళ్లికి గంగాదాసే వీడియో తీశాడు. పదిహేను రోజులకు ముత్తెన్న తన తల్లి లస్మవ్వను వెంటబెట్టుకుని, వీడియో చూడటానికి షాపుకు వచ్చాడు.

మొదట్లోనే ముత్తెన్న ముఖం చిట్లించాడు. "మా తమ్ముని తలకాయ ఏదన్నా?"

"ఫ్రేమ్ బయట ఉంచిన. ఇంట్ల ఆయన జాగ ఏందో ఆడియన్స్‌కు తెల్వాలె గదా."

"మూడేండ్లకు మాటలు కలిసినయి వానితోని! మొండెం చూపిస్తే మల్ల రాడు."

ఇంతలో పుస్తె కట్టే ఘడియ వచ్చింది. బాజాలు మోగాయి. తెరమీద దీపం. కెమెరా దీపం దగ్గరికి పోయింది, ఇంకా దగ్గరికి పోయింది. వత్తి తప్ప ఏమీ లేదు. బాజాలు ఆగిపోయాయి.

"పుస్తె ఏడ కట్టిండు బిడ్డా?" అంది లస్మవ్వ.

"గా మంటల్నే ఉన్నదవ్వా. చూపియ్యకుండ చూపిచ్చుడే కళ."

"అంటే నా మనుమరాలికి దీపంతోని లగ్గం చేసినమా?"

ముత్తెన్న తన ఫోన్ తీశాడు. వంటలకొచ్చిన ముత్తవ్వ పందిట్లో నిలబడి తీసి పంపిన నిమిషం వీడియో అందులో ఉంది. బొమ్మ వణుకుతోంది. మూలకు ఆమె బొటనవేలు అడ్డం. కానీ పెళ్లిపిల్లగాడు మూడు ముళ్లూ వేశాడు. వేయగానే కరుణశ్రీ తల ఎత్తి, జనంలో నానమ్మను వెతికి నవ్వింది. లస్మవ్వ కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు ఆ నవ్వుకు రెండు మూరల దూరంలోనే గంగాదాస్ ఉన్నాడు, వత్తి చూస్తూ. ఫోన్ మీదికి వంగి, "భావం మంచిగనే ఉన్నది గానీ, ఫ్రేమ్‌ల తల మీద ఖాళీ జాగ ఎక్కువైంది" అన్నాడు.

"నీ తలకాయల ఖాళీ జాగ కన్న తక్కువనే ఉన్నది తియ్యి!" అంది లస్మవ్వ.

దీపం తీసేసి అక్కడ ముత్తవ్వ నిమిషం అతికించి ఇచ్చాడు. మాక్లూర్‌లో చూసినవాళ్లంతా ఆ నిమిషాన్నే మళ్లీ మళ్లీ వేయించుకున్నారు.

తర్వాతి నెల జక్రాన్‌పల్లి పెళ్లివాళ్లు కూడా గంగాదాస్‌నే మాట్లాడుకున్నారు. కాకపోతే, "మాకు కళ వద్దన్నా, మనుషులు గావాలె" అని ముందే చెప్పారు. గంగాదాస్ చాలాసేపు ఆలోచించి, ఒప్పుకున్నాడు.