చిలకమ్మ నాలుగో డోసు, చిక్కుడు కొత్త

చలికాలంలో పాడేరు వెళ్లేవాళ్లు మంచు చూడ్డానికి వెళ్తారు. నేను ఒక మనిషితో పోట్లాడ్డానికి వెళ్లాను. ఆవిడ పేరు చిలకమ్మ. పాడేరు పైన ఒక కొండపల్లెలో వాళ్లకు కాఫీ తోట ఉంది. విశాఖ ఆసుపత్రిలో పక్కపక్క గదుల్లో ఒకే మందు ఎక్కించుకుంటూ స్నేహితులమయ్యాం. ఇద్దరికీ న్యూరోఎండోక్రైన్ గడ్డలే. హార్మోన్లు వదిలే కణాల్లో పుట్టే కేన్సర్ అది, మాకు పేగులో మొదలై కాలేయానికి పాకింది. ఉన్నట్టుండి మొహం ఎర్రబడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నాకైతే మొదట్లో డాక్టర్లు ఈ వయసులో ఇవన్నీ మామూలేనని మాత్రలిచ్చి పంపేశారు. చిలకమ్మ పొద్దున్నే జీలుగు కల్లు పట్టిస్తోందని వాళ్ల ఊరు ఊరంతా అనుకుందట. "సుక్క ముట్టకుండానే తాగుబోతు పేరొచ్చీసింది నాకు" అని చెప్పి పడీపడీ నవ్వేది.

మాకిచ్చే మందు లుటీషియం. గడ్డ కణాలను వెతికి పట్టుకునే పదార్థానికి రేడియేషన్ ఇచ్చే లోహాన్ని తగిలించి రక్తంలోకి వదులుతారు. అది గడ్డకు అంటుకుని, దగ్గర నుంచే దాన్ని కాలుస్తుంది. రెండు నెలలకొకటి చొప్పున నాలుగు డోసులు. ఒంట్లో రేడియేషన్ ఉన్నన్నాళ్లూ పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలి. మూడు డోసులకే నా మొహం మామూలు రంగుకు వచ్చింది. ఈ మందును కనిపెట్టినవాళ్లు ఎదురైతే కాళ్లకు మొక్కేస్తాను, నాకేం మొహమాటం లేదు. నాలుగో డోసు ఇద్దరికీ ఒకే రోజున వేస్తామన్నారు. అలాంటిది, వారం ముందు చిలకమ్మ ఫోన్ చేసి "నాను రానక్కా" అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కాను. చోడవరం, వడ్డాది మీదుగా పాడేరుకు నాలుగు గంటలు, టికెట్టు రెండొందల లోపే. నేను బస్సు కండక్టర్ని, ప్రస్తుతం సెలవులో ఉన్నాను. ఎక్కడ కూర్చున్నా దిగేవాళ్లను లెక్కపెట్టే అలవాటు పోలేదు. గరికబంద దాటి ఘాటీ ఎక్కుతుంటే మాత్రం అన్నీ మరిచిపోయాను. లోయ నిండా మంచు, పైన ఎండ. అంత మెలికల దారిలో ఒక్క కుదుపు లేకుండా పైకి చేర్చిన డ్రైవరుకు దిగేటప్పుడు దణ్ణం పెట్టాను. "అలవాటైపోనాది మేడమ్" అని సిగ్గుపడ్డాడు.

పాడేరు నుంచి చిలకమ్మ ఊరికి షేర్ జీపులు దొరుకుతాయి, మనిషికి యాభై రూపాయలు. జీపతను "బేగెక్కమ్మా, ముందర కూకో" అని పక్క సీటు ఖాళీ చేయించాడు. దారంతా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ. ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. చిలకమ్మ వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టేసి, "ఇంత దూరం ఏటక్కా నువ్వు!" అని రెండు చేతులూ పట్టుకుంది. సోడంబలి, అంటే రాగి అంబలి, తాగేదాకా నన్ను నోరు తెరవనివ్వలేదు.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఈ కొండల్లో కొత్త పంటను ఎవరికి వాళ్లు వండుకోరు. కొత్త పండగ చేసి దేవుడికీ పెద్దలకీ పెట్టాకే ఊరు తింటుంది. చిక్కుడు కొత్త సరిగ్గా మా డోసు తర్వాతి వారం పడింది. తొలి చిక్కుళ్లు ఇంటి పెద్ద ఆడమనిషి వండాలి. ఈ ఇంట్లో పెద్ద చిలకమ్మే. డోసు వేయించుకుంటే ఆ వారమంతా తోటలో కాపలా పాకలోనే ఉండాలి, ఎందుకంటే ఇంట్లో కోడలికి నెలల పిల్ల. "మనవరాలికిది తొలి కొత్త. నాను నేకపోతే మా పొయ్యి మీద సిక్కుడెక్కదు. మూడు డోసులు సాల్లే అక్కా."

"నాలుగూ పడాలన్నారు డాక్టరు. ఆపేస్తే మళ్లీ పెరిగితే?" అని గట్టిగానే అరిచాను. ఆ కేకలకు జనం పోగయ్యారు. వాళ్లలో దిసారి ఉన్నాడు. ఊళ్లో పండగలకు రోజు పెట్టే పెద్దాయన. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"మందుకి రోజు మార్సలేరా?" అని నన్నడిగాడు.

"కుదరదు పెద్దయ్యా. ఆవిడ కోసమే తయారై వస్తుంది. దాచుకుంటే రోజురోజుకీ బలం తరిగిపోతుంది."

ఆయన జనం వైపు తిరిగాడు. "కొత్తకి రోజెట్టీది నానే. మందాగదంటే కొత్త ఆగుతాది. సిలకమ్మ పాక దిగొచ్చినాక సేసుకుందారి."

"కాయ ముదిరిపోతాది గదా!" అంది వెనక నుంచి ఒకావిడ.

"ముదిరితే గింజ తిందారి."

అంతే, చర్చ ముగిసింది. అందరి పెరళ్లలోనూ పాదులు విరగకాసి ఉన్నాయి, ఆ ఇళ్లలో పిల్లలున్నారు. అయినా "సరే" అని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. చిలకమ్మ కొంగుతో కళ్లొత్తుకుని నాకేసి తిరిగింది. "ఏ బస్సుకి రమ్మంతావు?" అంది.

ఇది ఆసుపత్రి గదిలో కూర్చుని రాస్తున్నాను. నా చేతికి మందు ఎక్కుతోంది, పక్క గదిలో చిలకమ్మకూ ఎక్కుతోంది. నాకు భయంగానే ఉంది. అయినా మనసు తేలిగ్గా ఉంది. ఎక్కడో తయారైన మందు చెప్పిన రోజుకు మా గదుల దాకా రావడం గొప్పే. ఆ మందు కోసం ఒక ఊరు తన పండగను వాయిదా వేసుకోవడం అంతకంటే గొప్పగా తోచింది నాకు. నా జబ్బు నా ఒక్కదానిదే అనుకుని ఇన్నాళ్లూ బతికాను. అది తప్పని ఆ అరుగు మీద తెలిసింది.

ఈ నెలలో అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. పాదు నిండా కాయలు కనిపించినా చేయి వేయకండి, చిక్కుడు కూర వండమని ఎవరినీ అడగకండి. ముందు కొత్త అయిందా అని కనుక్కోండి. ఒక ఊళ్లో ఇంకా కాలేదు. వాళ్ల మనిషి ఇంటికి రావాల్సి ఉంది.