క్వారీ నీళ్ళలో రెండో బాప్తిస్మం

క్రైస్తవ సంఘ చరిత్రలో మనుషుల్ని కాల్చిన కథలు అందరికీ తెలుసు. ముంచి చంపిన కథలు తెలిసినవాళ్ళు తక్కువ. అట్లాంటిది ఒకటి నేను పుస్తకంలో చదివినాను. ఇంకొకటి బంగారు గనుల ఊరు ఊరిగాంలో నా కళ్ళముందే జరగబోయింది.

అప్పటికి గనులు కంపెనీ చేతినుంచి సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. మా తాత చిత్తూరు పక్క పల్లెనుంచి వచ్చి గనిలో దిగినవాడు. ఇక్కడికొచ్చినాకే కుటుంబంతో సహా చర్చిలో చేరినాడు. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆ చర్చిలోనే నా నెత్తిన నీళ్ళు చిలకరించినారు. పెద్దయినాక నేను హేతువాద సభల్లో మైకు పట్టుకుని దేవుడు లేడని అరిచేవాణ్ణి. మా అక్కను మాత్రం అదే చర్చిలో పేరున్న కుటుంబానికి ఇచ్చినారు. బావ గని లోపల కప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని చేసి చేసి, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి మంచం పట్టినాడు. ఆయన అన్నను మేం పెద్దబావ అనేవాళ్ళం. మనుషుల్ని గనిలోకి దించే కేజ్‌ను పైనుంచి నడిపే ఇంజన్ డ్రైవరు ఆయన, చర్చిలో సంఘపెద్ద. లివరు ఆయన చేతిలో ఉన్నంతసేపూ కేజ్‌లో ఉన్నవాళ్ళ ప్రాణాలు ఆయనవే. చర్చిలో కూర్చున్నవాళ్ళవి కూడా తనవే అనుకునేవాడు.

బావ మంచాన పడినాక అక్క ఒక దర్జీ ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి పోవడం మొదలుపెట్టింది. ఆ దర్జీయే వాళ్ళ బోధకుడు. పసిబిడ్డకు చేసింది బాప్తిస్మమే కాదని, బుద్ధి తెలిసి నమ్మినవాళ్ళు తమంతట తాము నీళ్ళలో మునగాలని వాళ్ళ మాట. అక్క మునుగుతానంది. పెద్దబావ ఇంటికొచ్చి, తమ్ముడి కళ్ళముందే ఆమె చెంప పగలగొట్టినాడు.

"రెండోసారి మునిగితే మొదటిది అబద్ధమనే కదమ్మా? మా తాత అబద్ధం, మా చర్చి అబద్ధం, అంతేనా? మునుగు, చూస్తా. నీ మొగుడు చస్తే మా సమాధుల తోటలో జానెడు చోటు ఇయ్యను."

బావ దగ్గుతూనే చెప్పినాడు. "చచ్చేది నేను కదన్నా. నన్ను యాడన్నా పూడ్చండి. దాన్ని పోనీ."

నాకు రెండు పక్షాలూ నవ్వులాటగానే ఉండేవి. రెండింటినీ ఉతకడానికి సరుకు కావాలని మా పాస్టరుగారి బీరువాలోంచి సంఘ చరిత్ర పుస్తకాలు తెచ్చుకున్నాను. అందులో దొరికింది ఈ సంగతి. స్విట్జర్లాండులో ఒక పట్టణం. పోపును ఎదిరించి, బైబిలు ఒక్కటే చాలన్న సంస్కర్త ఒకాయన. ఆయన శిష్యులు అదే బైబిలు చదివి, పసిపిల్లల బాప్తిస్మం ఇందులో యాడా లేదే అన్నారు. పెద్దవాళ్ళకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చినారు. పట్టణ సభకు కోపం వచ్చింది. ముంచేవాణ్ణి ముంచెయ్యండి అన్నారు. ఒక శిష్యుడి చేతులు మోకాళ్ళ చుట్టూ కట్టి, సందులో కట్టె దూర్చి, మూటను తోసినట్టు నదిలోకి తోసినారు. అతని తల్లి అక్కడే ఉండి, మాట మీద నిలబడమని కొడుక్కి ధైర్యం చెప్పిందని రాసి ఉంది.

పుస్తకం తిరిగిస్తూ పాస్టరుగారితో అన్నాను. "అయ్యగారూ, వీళ్ళను చంపింది పోపు మనుషులు కాదు. మీ ప్రొటెస్టెంట్లే."

"అది ఆ కాలం నాయనా."

"కాలం తోసిందా అయ్యగారూ, చేతులు తోసినాయా?"

ఆయన టీ చల్లారిపోతోందన్నాడు.

నమ్మకం పుట్టుకతో రాదు. రాజు ఆజ్ఞతో రాదు. ఒకరి నమ్మకం మీద ఇంకొకరి కత్తి చెల్లదు. ఈ మాటలన్నందుకే ఆ మనుషుల్ని చంపినారు. ఈ రోజు ప్రొటెస్టెంటు వేదాంత కళాశాలల్లో ఇవే పాఠాలు. పసిపిల్లలకు చిలకరించే చర్చిల్లోనే పెద్ద వేదాంతులు లేచి, ఈ ఆచారానికి బైబిల్లో ఆధారం లేదని రాసినారు. ముంచినవాళ్ళ వారసులు మునిగినవాళ్ళ సిద్ధాంతాన్ని పుస్తకాల్లో పెట్టుకుని, దానికంటిన నీళ్ళు మాత్రం తుడిచేసినారు.

మునగడానికి కుదుర్చుకున్న ఆదివారం మధ్యాహ్నం వాననీళ్ళు నిండిన పాత రాతి క్వారీ దగ్గరికి అక్క పోయింది. గొడవైతే ఇంటికి లాక్కొచ్చేద్దామని నేనూ పోయినాను. బంగారం తీసినాక మిగిలిన పొడిని పోసిన సయనైడ్ గుట్ట మీదినుంచి తెల్లదుమ్ము లేస్తా ఉండాది. దర్జీ నడుంలోతు నీళ్ళలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. పాట సగంలో పెద్దబావ వచ్చినాడు. వెనక చర్చి కుర్రాళ్ళు, చేతుల్లో హాకీ కర్రలు.

మొదటి దెబ్బకే దర్జీ కనుబొమ చిట్లింది. పెద్దబావ బూట్లతోనే నీళ్ళలోకి దిగి అక్క జుట్టు పట్టుకున్నాడు.

"మునగాలని వచ్చినావు కదమ్మా? బట్టలు కుట్టేవాడికి దించేది ఏం తెలుసు? రోజూ మనుషుల్ని పాతాళానికి దించేవాణ్ణి. రా, నేను దించుతా."

కుర్రాళ్ళు నవ్వినారు. ఆయన ఆమె తలను నీళ్ళలోకి అదిమినాడు. చేతులు కొట్టుకున్నాయి. బుడగలు వచ్చినాయి. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది, ఆయన చెయ్యి ఆగలేదు. ఆ పట్టణ సభ వేసిన పాత జోకే అది. ఆయన ఆ పుస్తకం ముట్టుకోను కూడా లేదు. అట్లాంటి జోకు నేర్చుకోవడానికి ఎవరికీ పుస్తకం అక్కర్లేదు.

నేను రాయి తీసుకుని దూకినాను. పెద్దబావ చెవి మీద కొట్టినాను. వదల్లేదు. మణికట్టు పట్టుకుని క్వారీ అంచుకేసి బాదినాను. మళ్ళీ బాదినాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నా వీపు మీద హాకీ కర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాక మాత్రం ఇంకో కర్ర లేవలేదు. అక్క పైకి లేచి, నీళ్ళు కక్కుతూ, గాలి కోసం రొప్పుతోంది.

పెద్దబావ బండమీద కూలబడినాడు. "నా చెయ్యి పోయిందిరా. రేపు షిఫ్టుకు ఎవడు దించుతాడురా!"

నేను అక్క చెయ్యి పట్టుకుని గట్టుకేసి లాగినాను. "పదక్కా ఇంటికి. మునిగింది చాల్లే, అయిపోయె."

"ముంచింది ఆయన చెయ్యిరా. నేను యాడ పోయినాను నీళ్ళలోకి? నేనింకా పోలేదు."

"పిచ్చా నీకు?" ఇంకా గట్టిగా లాగినాను. ఆమె వంగి నా చెయ్యి కొరికింది. పళ్ళు దిగినాయి.

"ఇంగ నువ్వు ఒగడివి మిగిలినావు, పట్టుకునేదానికి! నీకు దేవుడు లేడు కదా? లేకుంటే పోయె. ఆ రాయి తీసుకుని గట్టున నిలబడు. ఎవుడన్నా దిగితే కొట్టు."

దర్జీ ఒక కన్ను మూసుకుపోయి, నెత్తురు తుడుచుకుంటున్నాడు. "వచ్చే వారం చూద్దాం లేమ్మా."

"వచ్చే వారానికి మీకు ధైర్యం ఉంటాదా అయ్యా? ఇప్పుడే."

అతను వాళ్ళ ఆచారం ప్రకారం అందరినీ అడిగే ప్రశ్న అడిగినాడు. "నీ అంతట నువ్వే వచ్చినావా, ఎవరన్నా బలవంతం చేసినారా?"

"నా అంతట నేనే. బలవంతం చేసినాయన ఆడ కూర్చోనుండాడు, చూడండి."

కుర్రాళ్ళలో ఒకడు ఆపుకోలేక నవ్వినాడు. ఇంకొకడు నీళ్ళకేసి ఒక అడుగు వేసినాడు. గట్టున నిలబడి నేను రాయి ఎత్తినాను. ఆ నీళ్ళలో ఏముందో నాకు తెలుసు: రాతిపొడి, పాచి, దర్జీ నెత్తురు. రక్షణ అనేది అందులో లేదని ఇప్పటికీ ఏ సభలోనైనా వాదిస్తాను. కానీ ఆ క్షణంలో ఇంకొక్క అడుగు పడుంటే ఆ కుర్రాడి తల పగిలేది.

అక్క ముక్కు మూసుకుని, ఎవరి చెయ్యీ తగలకుండా, తనే మునిగి లేచింది.

తడిచీరతో పెద్దబావ ముందు ఆగింది. "బావా, ఆ చేతికి కట్టు కట్టించుకో. నీ తమ్ముడికి గుంత నేను వేరే యాడన్నా తవ్వించుకుంటా."

ఆయన ఆమె మీదికి ఉమ్మేసినాడు. ఉమ్మి ఆయన బూటు మీదే పడింది.