అంటు కట్టే రిబ్బను

ఏడుపు అనండి, కుళ్ళు అనండి, ఏ పేరైనా పెట్టుకోండి. రావులపాలెంలో కార్ల ఏసీలు బాగుచేసే ఒక మనిషిని తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. పాతికేళ్ళుగా మండుతూనే ఉంది.

ఇద్దరం రాజమండ్రిలో ఒకే గురువు గారి దగ్గర ఈ పని నేర్చుకున్నాం. ఒకే పొట్లంలో ఇడ్లీలు తిన్నాం. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. గురువు గారు మాత్రం ఏ బండి వచ్చినా ముందు వాడి చేతికే ఇచ్చేవారు. "వాడు చూసి చేస్తాడ్రా. నువ్వు చేసేసి అప్పుడు చూస్తావు" అనేవారు నాతో, అందరి ముందూ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ వాడికి హైవే పక్కన అద్దాల గది ఉంది. గ్యాసును దానంతటదే లాగి, కొలిచి, నింపే మెషీను ఉంది. నాకు కడియంలో రేకుల షెడ్డు, గ్యాసు కొలిచే రెండు మీటర్లు, ఒక సిలిండరు.

అయినా వాడికి లేనిదొకటి నాకుంది అనుకునేవాణ్ణి. నర్సరీ రైతు ఒకాయన. ఆయన కారుకి ఇరవై ఏళ్ళు దాటాయి. రంగు వెలిసింది, గట్టిగా లాగితే గాని తలుపు పడదు. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం అందులో కూర్చుంటే చలేసేది. కొత్త కార్లున్నవాళ్ళని పిలిచి ఎక్కించుకుని మరీ "ఇదంతా మా మేస్త్రీ చేతి చలవండి" అని చెప్పేవారు. ఆ ఒక్క మాట మీదే నా షెడ్డు నడిచింది. నా దగ్గరకొచ్చే నర్సరీల వాళ్ళంతా ఆయన్ని చూసి వచ్చినవాళ్ళే. ఆయన మానేస్తే వాళ్ళూ మానేస్తారు.

మొన్న వేసవిలో ఆ కారు చల్లబడడం మానేసింది. బయల్దేరిన పావుగంట బాగానే ఉండి, తరవాత ఉత్త గాలి. గ్యాసు కారిపోతోందనుకున్నాను. కుంకుడు రసం నురగ తీసి ప్రతి జాయింటుకీ రాశాను. మా గురువు గారి పద్ధతి అది, కారే చోట బుడగ లేస్తుంది. ఎక్కడా బుడగ లేవలేదు. లేవలేదంటే కారడం లేదనే కదా! అక్కడ ఆగి ఆలోచించే ఓపిక నాకెక్కడిది? గ్యాసు నింపి పంపేశాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చారు. మళ్ళీ నింపాను.

"పాత బండి కదండీ" అన్నాను.

"బండి పాతదేనయ్యా, నువ్వూ పాతవాడివేగా" అని నవ్వారాయన. నాకు నవ్వు రాలేదు.

వారం తిరక్కుండానే అరటిగెలల లారీ డ్రైవరు ఒకతను మా షెడ్డు దగ్గర టీ తాగుతూ, "మీ నర్సరీ ఆయన కారు రావులపాలెంలో ఉందేంటండీ? డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసేశారు" అన్నాడు.

అంతే, ఒళ్ళు భగ్గుమంది. తాగుతున్న టీ అక్కడే వదిలేసి, షెడ్డుకి తాళం వేసి మోటారుసైకిలు తీశాను. గౌతమి వంతెన మీద వడగాలి ముఖాన కొడుతుంటే దారంతా తిట్టుకుంటూనే వెళ్ళాను. వాణ్ణి తిట్టాను, రైతు గారిని తిట్టాను, పోయిన గురువు గారిని కూడా వదల్లేదు. దేవుడా, వాడికీ ఏమీ దొరక్కూడదు అని మొక్కుకున్నాను. ఆ కారు బాగుపడాలని ఒక్కసారి కూడా అనుకోలేదు.

నేను వెళ్ళేసరికి రైతు గారు రోడ్డవతల కొబ్బరిబోండాం తాగుతున్నారు. వాడు కారులో డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి ఉన్నాడు.

"రా బావా, నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"చెయ్యకపోయావా మరి?" అన్నాను పుల్లవిరిచినట్టు.

వాడు అరచెయ్యి చాపాడు. అందులో ప్లాస్టిక్ రిబ్బను ముక్క. చూడగానే గుర్తుపట్టాను.

పాత కార్లలో కూలింగ్ కాయిల్ పక్కన గొట్టానికి వేలెడంత బల్బు ఒకటి ఆనించి ఉంటుంది. వెలిగే బల్బు కాదు. గొట్టం ఎంత చల్లబడిందో కనిపెట్టి, గ్యాసు ఎంత వదలాలో అది చెబుతుంది. అంతకు ముందు ఏడాది నేనే ఆ కాయిల్ కడిగి బిగించాను. బిగిస్తుంటే బల్బుని పట్టి ఉంచే క్లిప్పు విరిగింది. డిక్కీలో మొక్కలకి అంటు కట్టే రిబ్బను చుట్ట కనపడింది. మా కడియంలో అంతే, నీళ్ళ గొట్టం పగిలినా, కళ్ళజోడు విరిగినా ఆ రిబ్బనే చుడతాం. మామిడి అంటు కట్టినట్టు లాగి చుట్టి ముడేశాను. క్లిప్పు తెచ్చి తరవాత వేద్దాంలే అనుకున్నాను. మర్చేపోయాను. ఎండలకి రిబ్బను సాగి బల్బు గొట్టాన్ని వదిలేసింది, గ్యాసు లెక్క తప్పింది. నేనేమో గ్యాసే కారని బండికి రెండుసార్లు నింపాను.

"ఈ ముడి నీదే కదరా" అన్నాడు మెల్లగా.

ఇంతలో రైతు గారు రోడ్డు దాటి వచ్చేశారు. "ఏంటయ్యా, దొరికిందా?"

ఇక అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాడు, నా పరువు గంగలో కలుస్తుంది అనుకున్నాను. వాడి స్థానంలో నేనుంటే చెప్పేవాణ్ణి. కడియం దాకా వెళ్ళి షెడ్డు షెడ్డుకీ చెప్పేవాణ్ణి.

వాడు పిడికిలి మూసేశాడు. "ఆయ్, దొరికిందండి. లోపల క్లిప్పు విరిగిందండి. అంత తేలిగ్గా కనపడే చోటు కాదండి అది. మా బావ వచ్చి ఇక్కడ చూడరా అంటే చూశానండి."

రైతు గారు నా వీపు తట్టారు. "నాకు తెలుసయ్యా! నీకు చెప్పకుండా వచ్చానని ఏమీ అనుకోకు. ఇక ఎటూ పోను."

"మీ మేస్త్రీ ఉండగా ఇంత దూరం ఎందుకండీ" అన్నాడు వాడు.

కారు వెళ్ళిపోయాక ఆ రిబ్బను ముక్క నా జేబులో పెట్టి "టీ తాగుతావా బావా?" అన్నాడు. వద్దని వచ్చేశాను.

ఆ కారు ఇప్పటికీ నా షెడ్డుకే వస్తోంది. వాడు వేసిన క్లిప్పుతో మునుపటిలాగే చల్లగా ఉంటోంది. రైతు గారు నా చేతి చలవ గురించి అందరికీ చెబుతూనే ఉన్నారు. విన్నప్పుడల్లా నవ్వి తల ఊపుతాను. నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ రోజు వాడు నిజం చెప్పేసి ఉంటే రైతు గారు నా చెయ్యి జారిపోయేవారు, షెడ్డూ మూతపడేదేమో. కానీ తిట్టుకోవడానికి వాడొక్కడైనా నాకు మిగిలేవాడు.