రాజరత్నం గారి డోలు మోగాల్సిందే

అమెరికాలో నోవై ఊళ్ళోని మా తెలుగు చర్చి గాయకబృందానికి ప్రాణం పోసిన రాజరత్నం గారు పోయిన గురువారం గుండెపోటుతో పరమపదించారు. ముందురోజే నాకు డోలు పాఠం చెప్పిన మనిషి లేరంటే నమ్మలేకపోయాను. నా దుఃఖం ఎంతో, ఆగ్రహమూ అంతే. దాచుకోను.

వృత్తిరీత్యా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నైజీరియా నుంచి వచ్చిన సహోద్యోగి తుండే దగ్గర మాట్లాడే డోలు నేర్చుకున్నారు. చంకలో ఇరికించుకుని పక్క తాళ్ళు నొక్కుతూ వంపు కర్రతో కొడితే, దాని నాదం మనిషి గొంతులా పలుకుతుంది. తుండే వాళ్ళ యొరూబా జాతిలో ఆ డోలుతోనే పసిబిడ్డకు పేరు పెట్టేవేళ ఆశీర్వదిస్తారు, పెళ్ళిలో అతిథులను కీర్తిస్తారు, నిండుగా బతికిన పెద్దలను సాగనంపుతారు.

దాన్ని ఆరాధనలోకి తెచ్చినరోజు సంఘపెద్ద ఒకాయన అడ్డుపడ్డారు. "బ్రదర్, డప్పు వదిలేశాకే కదా మనవాళ్ళకి మర్యాద దొరికింది? అమెరికా వచ్చి మళ్ళీ ఇదేంటి?"

"మా తాత డప్పు కొట్టాడండీ. అందులో సిగ్గేముంది? చిన్నచూపు చూసినోళ్ళు పడాలి సిగ్గు," అన్నారు రాజరత్నం గారు.

ఆ మాటకే సంఘపెద్దలు ఆయన్ను గాయకబృందం నుంచి తప్పించారు. ఆయన అలగలేదు, చర్చి మానలేదు. ఆరాధన ముగిశాక పార్కింగ్ లాట్‌లో, మంచులోనే వాయించేవారు. తోలు చెమ్మగిల్లితే కార్ హీటర్ ముందు ఆరబెట్టేవారు. లోపల భోజనాలు చల్లారిపోతున్నా పిల్లలు కదిలేవాళ్ళు కాదు.

"అంకుల్, వన్ మోర్ టైమ్ ప్లే చెయ్యి, ప్లీజ్!"

"చెయ్యి కాదు నాన్నా, చెయ్యండి," అని నవ్వుతూ దిద్ది, మళ్ళీ అందుకునేవారు.

శనివారం అంత్యక్రియల ప్రార్థనలో ఆ పెద్దలే ఆయన్ను వేనోళ్ళ పొగిడారు. డోలుకు పూలు చుట్టి శవపేటిక పక్కన పెట్టారు. వాయించకూడదట, చూసి నమస్కరిస్తే చాలట! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన సతీమణి గ్రేస్ ఆంటీ నావైపు తిరిగారు. "ఆ పూలు తీసెయ్యమ్మా. బతికున్నప్పుడు నోరు నొక్కింది చాలదా? నువ్వు స్టార్ట్ చెయ్."

సంఘపెద్ద చెయ్యెత్తి వారించబోయారు. నేను ఆగలేదు, పూలు తీసేసి డోలు అందుకుని వాయించాను. తుండే తన డోలుతో జతకలిశాడు. ఎన్నడూ నోరెత్తని ఒక పెద్దావిడ లేచి చప్పట్లతో తాళం వేశారు. పిల్లలు అందుకున్నారు. ఒక్కొక్కరే అంతా లేచారు. చివరికి కూర్చుని మిగిలింది ఆ పెద్దలే.

రాజరత్నం గారూ, మీ లోటు పూడ్చగలిగేవారు లేరు. మీ చేతి ఒడుపు నాకు జన్మలో రాకపోవచ్చు. అయినా ఆదివారం ఆరాధనలో, పాటల నడుమనే, మీ డోలు వాయిస్తాను. నన్నూ తీసేస్తారా? తీసేయమనండి.