మడమ మోపిన ఆదివారం

మదనపల్లెలో గోడలకు రంగులు వేసే మనోహర్‌కు యాభై రెండేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు నిచ్చెన మీదే గడిచాయి. మూడంతస్తుల మేడ అంచున నిలబడి తీరిగ్గా బీడీ వెలిగించుకునే ఈ మనిషి, సూది కనబడితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుంటాడు. అలాంటివాడు పోయిన జనవరిలో పుంగనూరులో ఒక పెళ్ళింటికి రంగు వేస్తూ, నిచ్చెన జారి, నిటారుగా రెండు కాళ్ళ మీదా నేలకు దిగాడు. చూసినవాళ్ళు ఎంత బాగా దూకాడో అనుకున్నారట. కుడి మడమ ఎముక మూడు ముక్కలైంది.

వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనబడేదాకా కత్తి పెట్టనన్నాడు డాక్టర్ శరత్ బాబు. కాలు దిండ్ల మీద పెట్టుకుని పన్నెండు రోజులు మనోహర్ ఆ ముడతల కోసమే వెతుక్కున్నాడు. తర్వాత ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ అన్న మాట అతని గుండెలో గుచ్చుకుంది.

"చూడప్పా మనోహర్, రెండు నెలలు ఈ మడమ నేలకు తగలకూడదు. బరువు పడి ప్లేటు కదిలిందంటే మళ్ళీ కోయాల. నీకు షుగర్ ఉండాది. రెండోసారి కోస్తే గాయం మానుతుందని నేను మాటియ్యలేను."

మానకపోతే ఏం చేస్తారని మనోహర్ అడగలేదు. ఆసుపత్రిలో పక్క మంచం మీది నిమ్మనపల్లె మనిషికి మోకాలి కింద ఏమీ లేదు.

వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ ఏడు వారాలు నెట్టుకొచ్చాడు. బాత్రూముకు వెళ్ళాలన్నా భార్య తబిత పక్కన ఉండాల్సిందే. ఏడో ఆదివారం మాత్రం చర్చికి వస్తానని చిన్నపిల్లాడిలా మారాం చేశాడు. తబిత అతన్ని మగవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చోబెట్టి, వాకర్ గోడకు ఆనించి, ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. పాటలకు అందరూ లేచినా అతను బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. ప్రసంగం సాగింది, సాగింది. మనోహర్‌కు కునుకు పట్టింది. అప్పుడు పాస్టరుగారు, "ఆశీర్వాదం కొరకు లేచి నిలబడదాం" అన్నారు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ మాటకు లేచే ఒళ్ళు, లేచేసింది. రెండు కాళ్ళ మీదా. మడమలో చురుక్కుమంది, లోపల ఏదో కదిలినట్టయింది. ఆమెన్ అనకుండానే కూలబడ్డాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. ఆరు రోజులు కక్కలేక మింగలేక గడిపాడు. వేడెక్కిందేమోనని మడమను తడుముకోవడం, వాచిందేమోనని ఎడమ కాలితో పోల్చుకోవడం, ఇదే పని. నిమ్మనపల్లె మనిషి దుప్పటి కింద ఖాళీగా ఉన్న ఆ చోటే కళ్ళ ముందు మెదిలేది. ముద్ద దిగేది కాదు. "యాల తినవు?" అని తబిత అడిగితే, "ఆకలి లేదు" అని గోడవైపు తిరిగేవాడు.

శనివారం ఎక్స్‌రే తీశారు. డాక్టర్ ఫిల్మును వెలుగుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు. ఆయన మొహం చూసే ధైర్యం లేక మనోహర్ ఆయన బూట్లు చూస్తూ కూర్చున్నాడు.

"బాగా అతుక్కుంటా ఉండాది. ప్లేటు యాడ పెట్టింది ఆడనే ఉండాది. వచ్చే వారం నుంచి కొంచెం కొంచెంగా మోపప్పా."

మనోహర్‌కు ఏడుపొచ్చింది. కానీ అతనికంటే ముందే తబిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"బాగుండాదని చెప్తాండారు కదా, నువ్వు యాల ఏడుస్తాండావు?" అన్నాడు మనోహర్.

"ఆదివారం నువ్వు లేసినప్పుడు సూసినా," అంది తబిత. "అడిగితే ఇంకా బెదిరిపోతావని నోరు తెరవలేదు."

ఈ ఆరు రోజుల్లో ఆమె తిన్నదో లేదో తాను ఒక్కసారి కూడా చూడలేదని మనోహర్‌కు అప్పుడు తెలిసింది.