అత్త విన్న తీరుబడి

మొన్న ఆదివారం జనగామలో మా చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు వాక్యం చదువుతూ "నీతిమంతులుగా తీర్చబడి" అనగానే నాకు నవ్వొచ్చింది. నవ్వాల్సిన చోటు కాదది. పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచింది. ఈ వయసులో చర్చిలో పొడిపించుకోవడం నామోషీయే, కానీ ఏం చేయను, ఆ మాట నా చెవికి సరిగ్గా వినబడి ఏళ్లు దాటింది. మా అత్త దాన్ని నా చెవిలో పాడుచేసి పోయింది.

మా ఆయన లూథరన్ పాస్టరు. అప్పట్లో పాలకుర్తి దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. ఆ ఊరి సంఘం కాక మహబూబాబాద్ వైపు ఒకటి, చిట్యాల అవతల ఒకటి ఆయన నెత్తిమీదే ఉండేవి. పొద్దున ఒకచోట ప్రసంగం, అది అయీ కాకముందే ఆటో, ఇంకోచోట ప్రసంగం, మధ్యలో ఎవరిదో అంత్యక్రియ, మొగుడూ పెళ్లాల తగువు. మా లూథరన్ బోధకు గుండెకాయ ఒక్క మాట: మనిషి తన పనుల వల్ల దేవుడి ముందు నీతిమంతుడు కాడు, నమ్మినందుకు దేవుడే ఊరికే అతణ్ని నీతిమంతుడని ఎంచుతాడు. ఆ వెంటనే ఇంకో మాట ఉంటుంది, ఆ నమ్మకం జనానికి అందించడానికే దేవుడు బోధకులను పెట్టాడని. మా ఆయన మొదటి మాట జనానికి పంచిపెట్టి, రెండోది తన భుజాన వేసుకున్నాడు. ఎవరైనా ఒక ఆదివారం రాకపోతే తన ప్రసంగంలోనే లోపం ఉందని అన్నం మానేసేవాడు. పనుల వల్ల రక్షణ లేదని చెప్పడానికి అంత పని చేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇక మా అత్త. పత్తి ఏరి, నాట్లు వేసి, ఒక్కతే కొడుకును చదివించింది. ఒక చెవి కొంచెం మందం, నోరు మాత్రం మహా పదును. కోస్తాలో క్రైస్తవ వేదాంతం చదివి వచ్చిన కొడుకు చర్చిలో పుస్తకాల తెలుగు, ఇంట్లో మన తెలుగు మాట్లాడితే "గుడిల ఒక నోరు, ఇంట్ల ఒక నోరు, నువ్వు ఎవ్వనివిరా" అనేది. ఆమెకు "తీర్చబడి" అన్న మాట ఎప్పుడూ "తీరుబడి" అనే వినబడింది. ఆదివారం చర్చి నుంచి రాగానే, తరగాల్సిన బెండకాయల చాట నా ముందుకు తోసి నడుం వాల్చేది. "విశ్వాసముంటే తీరుబడి అని నీ మొగడే చెప్పె గదా బిడ్డా." మా ఆయన ఓపిగ్గా దిద్దేవాడు. "తీరుబడి కాదవ్వా, తీర్చబడి. మనం నీతిమంతులమని దేవుడు తీర్పు చెప్పిండన్నట్టు." అత్త ఒప్పుకునేది కాదు. "తీర్పు అయిపాయె. ఇగ కోర్టు సుట్టు తిరుగుడెందుకు? తీరుబడే గద!" తల్లీకొడుకుల వాదన ఎప్పటికీ తెగేది కాదు. బెండకాయలు మాత్రం నేనే తరిగేదాన్ని.

ఒక ఎండాకాలం ఆయన మధ్యాహ్నం ఆటో దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడ్డాడు. "ఇగ నాతోని కాదు. మందికి చెప్పే మాట నాకే అంటుతలేదు. లోపలంత ఎండిపోయింది. ఈ కొలువు ఇడిసిపెడ్త" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, ఎండలో నడిచొచ్చిన మనిషి మంచినీళ్లు అడిగినట్టు అన్నాడు. నాకు భయమేసింది. సంఘం ఇచ్చిన ఇల్లు పోతుందన్న భయం కొంత, ఆ పని లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అన్న భయం అంతకన్నా ఎక్కువ.

ఆ వారంలోనే అత్త మంచం పట్టింది. దవాఖానలో వయసు మీదపడిందని చెప్పి ఇంటికి పంపేశారు. రొట్టె, ద్రాక్షరసం, అంటే ప్రభువు బల్ల కావాలని అడిగింది. మా ఆయన తల దించుకున్నాడు. "డోర్నకల్ నుంచి ఇంకో అయ్యగారిని పిలిపిస్తనవ్వా. నాకే నమ్మకం లేకపాయె. గీ చేతులతోని నీకెట్ల ఇయ్యాలె?"

అత్తకు ఎక్కడలేని ఓపిక వచ్చింది. "ఏందిరా నీ పరేషాని? సిన్నప్పుడు నీకు బువ్వ పెట్టేటప్పుడు నేను మంచిగున్ననా? కూలికి పోయొచ్చి, నిన్ను తిట్టుకుంట, మొట్టికాయలేసి పెట్టిన. నీ కడుపు నిండలేదా?"

ఇచ్చేవాడు ఎలాంటివాడైనా ఆ రొట్టెకు లోటు రాదని మా సంఘం ఎప్పటినుంచో చెప్పేదే. ఆ మాట ఆయనే ఎంతమందికి చెప్పాడో! లేచి చేతులు కడుక్కున్నాడు. తెల్లంగీ వేసుకుని మంచం పక్కన నిలబడ్డాడు. కరెంటు లేదు, చెమట గడ్డం మీదుగా కారుతోంది. చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అలసిన నాలుక తడబడింది. "విశ్వాసమూలమున... తీరుబడి" అని చదివి ఆగిపోయాడు.

"గిప్పుడు సక్కగ సదివినవ్" అంది అత్త.

ఆయన నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు. ఆమెకు రొట్టె ఇచ్చాడు, నాకిచ్చాడు. తన వంతు వచ్చేసరికి చెయ్యి ఆగింది. "నువ్వు గూడ తినురా" అంది అత్త, అన్నం ముందు అలిగి కూర్చున్న పిల్లవాడితో అన్నట్టు. తిన్నాడు. తర్వాత ఆ తెల్లంగీతోనే మంచం పక్కన చాప మీద ఒరిగి నిద్రపోయాడు. పగటిపూట ఆయన నిద్రపోవడం నా పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం. ఇంతలో వాకిట్లో ఎవరో తగువు పట్టుకొచ్చి "అయ్యగారూ" అని పిలిచారు. నేను లేవబోయాను. అత్త చెయ్యి పట్టుకుని ఆపి, తనే కేకేసింది. "అయ్యగారు తీరుబడిల ఉన్నడు. రేపు రాండ్రి!"

కొన్నాళ్లకే ఆమె పోయింది. మా ఆయనే మట్టి చేశాడు. కొలువు విడిచిపెట్టే మాట మళ్లీ ఎత్తలేదు. అలసట పోయిందని చెప్పను, రిటైరయ్యేదాకా అలసిపోతూనే ఉన్నాడు. కాకపోతే ఆదివారం అన్నం తిన్నాక తలుపు దగ్గరేసి ఒక కునుకు తీసేవాడు, అంతే తేడా.

మొన్న చర్చి నుంచి వచ్చేసరికి, మోకాళ్ల నొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన మా ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. "కొత్త అయ్యగారు ఏం సదివిండు?" అని అడిగాడు. "తీరుబడి" అన్నాను. "సక్కగనే సదివిండు" అని మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. బెండకాయలు ముందేసుకుని కూడా తరగబుద్ధి కాక, నేనూ గోడకు చేరగిలబడ్డాను. ఆ తీరుబడి దేవుడు మాకు ఎప్పుడో ఇచ్చేసిందే, దాన్ని చెయ్యి చాపి పుచ్చుకోవడానికే బతుకంతా పట్టింది.