సర్వేశ్వరరావుగారి పై లైను

మా సర్వేశ్వరరావుగారు పైన పేరు లేని కాగితాన్ని కళ్లతో చూడలేరు.

పెదబయలు కొండల్లో, జ్వరాల ఆఫీసులో ఆయన గుమాస్తా. సెలవు చీటీ రాసినా పైన పెద్దక్షరాలతో 'కడుపులో తుపాను' అని పెట్టి, కింద గీత గీసి, ఆ తర్వాతే 'అయ్యా' అని మొదలెట్టేవారు. ఆఫీసు కప్పు కారుతోందని పైవాళ్లకు పెట్టిన అర్జీ పేరు 'గొడుగు కింద గుమాస్తాలు'. జవాబు రాలేదు. పేరుకి పదును చాలలేదని ఆయన వారం రోజులు బాధపడ్డారు, ఆ కారే కప్పు కిందే.

నేను రసాయనశాస్త్రం చదివి, 1926 వానాకాలంలో, భార్య రత్నాలుతో, పది నెలల పాపతో ఆ ఆఫీసు ఉద్యోగానికి ఆ కొండల్లోకి వచ్చి పడ్డాను. ఊరూరా చలిజ్వరం. క్వినైను ఇస్తే చేదని ఉమ్మేసేవారు. దాని గురించి కరపత్రాలు రాయడం నా పని. మొదటిదానికి 'విషమజ్వర నివారణార్థము క్వినైను సేవన క్రమము' అని పెట్టాను.

"ఇది సదివేలోగా జ్వరం వొచ్చి ఎల్లిపోతాది బాబూ," అన్నారాయన. అది కొట్టేసి, 'చేదు నిమిషం, చలి నెల్లాళ్లు' అని రాశారు.

అయిదువందలు అచ్చయ్యాయి. చుట్టుపక్కల చదవడం వచ్చినవాళ్లు అయిదుగురు లేరు. సంతలో గాసి అనే కొండరైతు ఒక కరపత్రంలో పొగాకు చుట్టుకున్నాడు.

"మంచి కాయితం బాబూ. తడి తగల్లేదు," అని మెచ్చుకున్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. సర్వేశ్వరరావుగారు వంగి చూసి, "పేరు పైకి కనబడేలాగ సుట్టు, గాసీ," అన్నారు.

ఆ నెలలోనే మా పాపకి చలిజ్వరం పట్టింది. ఎంత బరువుకి ఎంత క్వినైనో నాకు తెలుసు. నాలుగుసార్లు లెక్క కట్టాను, నాలుగుసార్లూ ఒకటే వచ్చింది, ఒక్కసారీ నమ్మకం కుదరలేదు. ఆరు రోజుల మందు తూచి, పొట్లం కట్టబోయి, విప్పి మళ్లీ తూచడం మొదలెట్టాను. సర్వేశ్వరరావుగారు త్రాసు పక్కకి జరిపి, పొట్లాలు కట్టి ఇచ్చారు. ప్రతి పొట్లానికీ ఒక పేరు. ఆ గడియలో ఆయన్ని కొట్టాలనిపించింది.

మొదటిది: 'ఉమ్మేత్తే మళ్లీ పట్టండి, కోప్పడకండి'. తేనెలో కలిపి పట్టాం. ఉమ్మేసింది. మళ్లీ పట్టాం.

రెండోది: 'ఈవేళ నవ్వుతాది, నమ్మి మానీకండి'. నిజంగానే నవ్వింది.

మూడోరోజు ఒళ్లు పెనంలా కాలింది. నా లెక్కే తప్పింది, నా చేత్తో నేనే పిల్లని చంపుకుంటున్నాననుకుని మందు పారబోయబోయాను. రత్నాలు చెయ్యి పట్టుకుంది.

"ముందు పొట్లం మీద చదవండి."

'ఈవేళ మళ్లీ వొస్తాది. మీ లెక్క తప్పు కాదు.'

ఆ జ్వరం రోజు విడిచి రోజు వస్తుందని నా పుస్తకాల్లోనూ ఉంది. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆరోరోజుకి పాప చెంచా లాక్కుని నన్నే కొట్టింది.

"ఈ పేర్లెందుకండీ, మందు మందే కదా?" అని ఆయన్ని అడిగాను.

"భయపడ్డోడు పై లైను దాటి సదవలేడు బాబూ," అంటూ జేబులోంచి ఏడో పొట్లం తీశారు.

నేను తూచింది ఆరే. కంగారుగా విప్పాను. ఖాళీ. పైన ఇలా ఉంది: 'ఇది నాన్నకి. ఇందులో ఏటీ లేదు, పడుకోండి.'

తర్వాతి కరపత్రానికి పైన నాలుగు అంగుళాలు ఖాళీ వదిలి ఆయన బల్ల మీద పెట్టాను.

"నాలుగేనా?" అన్నారు.